తనిఖీ లేని మరమ్మతు : హైడ్రాలిక్ బ్రేకరులలో నూనె కారుట

మన కళాశాల రెండు భాషలకు నిలయము. ఆ రెంటిని కలుపు మాటలలో 'తనిఖీ', 'మరమ్మతు' అనునవి చేరును. అరబ్బీలో పుట్టి, పారసీ ఉర్దూల మీదుగా ప్రయాణించి వచ్చిన ఈ మాటలను నేడు మన పల్లెలోని రైతు సయితము తెలుగు మాటలుగానే పలుకుచున్నాడు. ఈ రెంటికి ఒక వరుస కలదు. తనిఖీ ముందు, మరమ్మతు తరువాత. ఆ వరుస తప్పినచోట ధనము పోవును, కాలము పోవును, ఒక్కొక్కప్పుడు మనిషి చేయి కూడ పోవును. హైడ్రాలిక్ బ్రేకరు అను యంత్రమును ఉదాహరణముగా గైకొని ఈ విషయమును వివరింపదలచితిమి.

సాహిత్యము బోధించువారికి యంత్రములతో పని యేమని కొందరు అడుగవచ్చును. మన విద్యార్థులలో అనేకుల ఇండ్లలో తండ్రియో, అన్నయో మెకానిక్కుగనో, యంత్రచోదకుడుగనో జీవించుచున్నారు. యంత్రముతో వచ్చు వివరణ గ్రంథము సాధారణముగా ఆంగ్లములో నుండును. దానిని చదువగలిగినవారు షెడ్డులో ఉండరు. షెడ్డులో ఉన్నవారికి అది అందదు. ఆ నడిమి దూరమును కొంతయైనను తగ్గించుట భాషాధ్యాపకుల విధియే అని మా భావన.

మన సీమలో ఈ యంత్రము

తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతము కృష్ణా పశ్చిమ డెల్టా భూమి. ఇచట నల్లరేగడి యున్నది గాని రాయి లేదు. రాతిని పగులగొట్టు యంత్రము మనకెందులకు అని తోచవచ్చును. కాని కాలువలపై పాత వంతెనలు, తూములు, కాంక్రీటు గోడలు తొలగింపవలసి వచ్చినపుడు బ్రేకరు లేనిదే పని జరుగదు. కత్తిపూడి నుండి ఒంగోలు వరకు రేపల్లె, బాపట్లల మీదుగా పోవు 216వ జాతీయ రహదారి వంటి మార్గములను వెడల్పు చేయునపుడును దీని అవసరము కలదు. మన యువకులు పలువురు పని వెదకికొనుచు చీమకుర్తి, బల్లికురవ గ్రానైటు క్వారీలకు పోయి అచట ఈ యంత్రముతోనే బ్రదుకుచున్నారు.

బ్రేకరు తనంతట తాను నడువదు. మనవారు 'పొక్లెయిను' అని పిలుచు త్రవ్వుడు యంత్రపు చేతికి, బొక్కెన తీసివేసి, దీనిని బిగింతురు. పొక్లెయిను అనుమాట ఫ్రాన్సు దేశపు ఒక యంత్ర నిర్మాణ సంస్థ పేరు. సంస్థ పేరే వస్తువు పేరైనది.

మన సీమలో ఈ యంత్రమునకు రెండు కష్టములు ప్రత్యేకముగా ఉన్నవి. కాలువలకు నీరు కట్టివేయు వేసవిలోనే కాలువ పనులు సాగును. అనగా ఎండ మండుచున్నపుడే యంత్రము పగలంతయు పనిచేయవలెను. వానలు వచ్చి కాలువలు వదలిన పిమ్మట అది నెలల తరబడి పనిలేక పడియుండును. నిజాంపట్నము, సూర్యలంక తీరపు ఉప్పుగాలి దానిని తుప్పు పట్టించును. వేసవి వేడి సీలులను గట్టిపరచును. వర్షాకాలపు తుప్పు పిస్టనును గరుకుపరచును. నూనె కారుటకు మన ప్రాంతమున గల మూలకారణములలో ఇవి ముఖ్యమైనవి.

పనిచేయు విధము

ట్రాక్టరు వెనుక నాగలిని ఎత్తు లిఫ్టును చూడని విద్యార్థి మనలో ఉండడు. మూసియున్న ద్రవముపై ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని వైపులకు సమానముగా వ్యాపించునని పదునేడవ శతాబ్దమున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాస్కల్ చెప్పిన సూత్రమే దానికి ఆధారము. బ్రేకరుకును అదియే ఆధారము. పంపు నుండి వచ్చిన నూనె బ్రేకరు సిలిండరులోని పిస్టనును పైకి నెట్టును. పైన ఒక అరలో నత్రజని వాయువు నింపబడి యుండును. పిస్టను పైకి పోయినపుడు ఆ వాయువు నొక్కుకొని పోవును. కవాటము నూనె దారిని మార్చగనే వాయువు వ్యాకోచించి, నూనెతో కూడి పిస్టనును వేగముగా క్రిందికి త్రోయును. పిస్టను ఉలి తలపై కొట్టును. ఉలి రాతిని కొట్టును. ఉలిని మనవారు 'చిసెలు' అందురు. అది అటునిటు ఊగకుండ పట్టియుంచు ఉక్కు తొడుగే బుష్షు.

మధ్యతరగతి బ్రేకరు నిమిషమునకు సుమారు 500 దెబ్బలు కొట్టుననుకొందము. రోజుకు నికరముగా నాలుగు గంటలు కొట్టినను, 1,20,000 దెబ్బలగును. ప్రతి దెబ్బకు పిస్టను సీలుల గుండా ఒకసారి పైకి, ఒకసారి క్రిందికి పోవును. అనగా ఆ మెత్తని వలయములు ఒక్క దినమున 2,40,000 సార్లు రాపిడికి గురియగుచున్నవి. నూనె ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు 150 కిలోగ్రాముల మేరకు ఉండుట సాధారణము. ఇంత భారము మోయుచున్నవి గనుకనే అవి కొంతకాలమునకు అరుగుట సహజము. అకాలమున అరుగుటకు మాత్రము కారణము వేరుగా వెదకవలెను.

సీలు అను చిన్న వస్తువు

ద్రవమును కారకుండ ఆపుట యంత్రకళలో ప్రాచీన సమస్య. 1206లో తన యంత్రగ్రంథమును ముగించిన అల్ జజరీ, నీటిని తోడు జంట సిలిండరుల పంపును వర్ణించుచు, పిస్టనునకు నార త్రాడు చుట్టి సందును పూడ్చు పద్ధతిని చెప్పెను. ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా 1795లో హైడ్రాలిక్ ప్రెస్సునకు హక్కుపత్రము పొందినపుడు, ఒత్తిడి పెరిగినకొలది ద్రవము కారుట పెద్ద చిక్కయ్యెను. ఆయన వద్ద పనిచేసిన హెన్రీ మాడ్‌స్లే గిన్నె ఆకారపు తోలు వలయమును రూపొందించి ఆ చిక్కు విప్పెనని చెప్పుదురు. ద్రవపు ఒత్తిడియే ఆ వలయపు అంచును గోడకు అదుముట అందలి విశేషము. ఎంత ఒత్తిడి పెరిగిన, అంత గట్టిగా మూసికొనును. జర్మనీలోని క్రుప్ సంస్థ 1960 దశకములో హైడ్రాలిక్ బ్రేకరును రూపొందించునాటికి తోలు పోయి రబ్బరు, పాలీయూరిథేను వచ్చినవి గాని సూత్రము మాత్రము మారలేదు. నేడు 'యు' ఆకారములో నుండు సీలును నోరు నూనె వైపుగా అమర్చుటకు కారణమిదియే. తలక్రిందులుగా అమర్చిన కొత్త సీలు తొలి దినముననే కారును.

సీలును చిన్నవస్తువని తక్కువగా చూడరాదు. 1986 జనవరి 28న అమెరికా రోదసీ నౌక 'చాలెంజర్' కూలి ఏడుగురు మరణించుటకు కారణము, చలికి సాగుగుణము కోల్పోయిన ఒక రబ్బరు వలయమని విచారణలో తేలినది. చలి ఎట్లు రబ్బరును చెరచునో, అధికమైన వేడియు అట్లే చెరచును.

ఎచట కారుచున్నది?

తనిఖీలో మొదటి ప్రశ్న : కారుచున్నది నూనెయా, గ్రీజా? ఉలి చుట్టును నల్లని జిడ్డు కనిపించగనే సీలు పోయినదని తీర్మానించుట పలుచోట్ల జరుగుచున్నది. ఉలికి పెట్టిన గ్రీజు వేడికి కరిగి క్రిందికి జారుట సహజము. తెల్లకాగితముపై ఆ జిడ్డును అద్ది చూడవలెను. హైడ్రాలిక్ నూనె యైనచో మచ్చ పలుచగా, సమానముగా విస్తరించును. గ్రీజైనచో నల్లని ముద్ద నడుమ నిలిచి, చుట్టును సన్నని నూనె అంచు మాత్రమే ఏర్పడును.

నూనెయే యని తేలిన పిమ్మట బ్రేకరునంతను కడిగి, పొడిగా తుడిచి, పది పదునైదు నిమిషములు పనిచేయించి, ఆపి చూడవలెను. నూనె క్రిందికి జారును గనుక అన్నిటికన్న పైన తడి కనిపించిన చోటే మూలస్థానము. ఈ చిన్న నియమము తెలియక క్రింది భాగములను విప్పి శ్రమపడువారు పెక్కురు.

గొట్టముల కీళ్లయొద్ద తడి యున్నచో బిగింపు వదలినదో, అందలి ఓ రింగు చిట్లినదో చూడవలెను. సిలిండరు, పై తల, క్రింది తల కలియు అతుకులలో తడి యున్నచో, యంత్రమును నిలువునా బిగించియున్న నాలుగు పొడవాటి బోల్టులలో ఏదో ఒకటి వదులైనదని అనుమానింపవలెను. కవాటపు పెట్టె చుట్టును తడి యున్నచో దాని బోల్టులను, ఓ రింగులను పరీక్షింపవలెను. ఉలికిని బుష్షుకును నడుమ నుండి నూనె ధారగా వచ్చుచున్నచో క్రింది సీలులు చెడినవని గ్రహింపవలెను.

కంటికి కనిపించని కారుట మరొకటి కలదు. పై సీలు చెడినపుడు నూనె వాయువు అరలోనికి పోవును. లేదా వాయువు నూనెలోనికి వచ్చును. అపుడు గొట్టములు విపరీతముగా ఎగిరిపడును. దెబ్బలో బలము తగ్గును. ట్యాంకులో నూనె నురుగు కట్టును. వాయువును విధిగా విడిచినపుడు దానితోపాటు నూనె చిమ్మినచో ఈ దోషము రూఢి యగును. నూనె నురుగు కాక పాలవలె తెల్లబడినచో, అది నీరు కలిసినదనుటకు గుర్తు.

ఎందులకు కారుచున్నది?

మా విద్యార్థి యొకని తండ్రిగారికి ఇట్టి యంత్రము కలదు. ఒక వేసవిలో మూడు పర్యాయములు సీలు కిట్టు మార్చిరి. ప్రతిసారియు పదునైదు దినములు గడువకముందే నూనె కారెను. నాలుగవసారి వచ్చిన వృద్ధ మేస్త్రీ ఏమియు విప్పలేదు. ఉలిని చేతితో ప్రక్కలకు కదిపి చూచెను. అది గంటలోని నాలుకవలె ఊగెను. బుష్షు అరుగుదల నిర్మాత చెప్పిన హద్దును దాటిపోయినదని స్కేలుతో కొలిచి చూపెను. పాత సీలును తెప్పించి చూడగా అది ఒకవైపు మాత్రమే అరిగియుండెను. బుష్షు అరుగగా ఉలి ఒరిగినది. ఒరిగిన ఉలిపై పిస్టను వంకరగా పడినది. వంకరగా నడచిన పిస్టను సీలును ఒకప్రక్క తినివేసినది. బుష్షు మార్చిన పిదప కారుట ఆగినది. కాని అప్పటికే మూడు కిట్టుల ధనము, పనిలేని దినముల కూలి నష్టమైనవి. ఆ యేడు కుమారుని రుసుము చెల్లించుటకు ఆ తండ్రి అప్పు చేయవలసి వచ్చెను.

కావున తీసిన సీలును చెత్తలో పారవేయరాదు. అది సాక్షి. ఒకప్రక్క అరిగినచో బుష్షును చూడుమనును. గట్టిపడి పగుళ్లు తీసినచో నూనె అధికముగా వేడెక్కినదనును. నూనె వేడి 80 డిగ్రీల సెంటిగ్రేడు దాటకుండ చూచుకొనుట క్షేమము. నిలువు గీతలు పడినచో మురికి నూనెయో, గీతలు పడిన పిస్టనో కారణమనును. అంచు కొరికినట్లుండి చీలికలైనచో ఒత్తిడి హద్దు మీరినదనును. ఉబ్బి మెత్తబడినచో తగని నూనెయో, ద్రావకమో తగిలినదనును. ఒకేచోట తెగియున్నచో అమర్చువాని చేతిదోషమనును.

ఒత్తిడి హద్దు మీరుటకు తరచుగా తిరుగు నూనె దారియే కారణమగును. ట్యాంకునకు మరలిపోవు దారిలో ఫిల్టరు పూడిపోయినను, కవాటము సగము మూసియున్నను నూనె వెనుకకు తన్ని సీలులపై పడును. యంత్రచోదకుని అలవాట్లును కారణములే. రాయి పగిలిన పిదపయు గాలిలో కొట్టుట, పగులని రాతిపై ఒకేచోట అరనిమిషమునకు మించి కొట్టుచునే యుండుట, ఉలిని గునపమువలె వాడి రాళ్లను పెకలించుట అనునవి మూడును సీలునకు శత్రువులు. గ్రీజును ఉలిని నేలకు అదిమి నిలిపినపుడే ఎక్కింపవలెను. ఉలి వ్రేలాడుచుండగా ఎక్కించినచో గ్రీజు పిస్టనుకు, ఉలికి నడుమ చేరి, దెబ్బ పడగనే పైకి తన్ని సీలును చెరచును.

మరమ్మతు వరుస

యంత్రమును సమతల నేలపై దించి, ఇంజను ఆపి, గొట్టములలోని ఒత్తిడిని విడువవలెను. నత్రజనిని పూర్తిగా విడువనిదే పొడవాటి బోల్టులపై చేయి వేయరాదు. విడదీసిన భాగములను శుభ్రమైన కిరోసినుతో కడిగి ఆరబెట్టవలెను. దుమ్ము లేచు రోడ్డు ప్రక్కన ఈ పని చేయుట కన్న చేయకుండుట మేలు. పిస్టనుపై గోరు తగులనంతటి సన్నని గీతలున్నచో నూనెరాతితో మృదువుగా నునుపు చేయవచ్చును. గోరు ఆగునంత లోతైన గీతలున్నచో పిస్టను మార్చవలసినదే. ఏలయన ఆ గీత కొత్త సీలును కోయును.

కొత్త సీలుకు, గాడికి అదే హైడ్రాలిక్ నూనె పూసి, ఇనుప స్క్రూడ్రైవరు వాడక, చేతితోనో మొద్దు అంచుల చెక్క పనిముట్టుతోనో అమర్చవలెను. ధూళిని ఆపు సీలు బయటివైపునకు, నూనెను ఆపు సీలు నోరు నూనెవైపునకు ఉండవలెను. బోల్టులను ఒకటి విడిచి ఒకటి ఎదురెదురుగా, కొద్దికొద్దిగా, నిర్మాత చెప్పిన బిగువునకు తేవలెను. వాయువు అరలో నత్రజనినే నింపవలెను. ఆక్సిజను ఎన్నడును నింపరాదు. ఒత్తిడిలో అది నూనెతో కలిసినచో ప్రేలిపోవును. పిదప తక్కువ వేగముతో కొంతసేపు నడిపి, ఆపి, అన్ని అతుకులను మరల తుడిచి చూడవలెను. ఇల్లలుకగానే పండుగ కాదు. కొన్ని గంటలు పనిచేసిన పిమ్మట బోల్టుల బిగువును మరల తనిఖీ చేసిననే మరమ్మతు ముగిసినట్లు.

వానకాలమున యంత్రమును నిలుపునపుడు ఉలిని తీసి, వాయువును విడిచి, పిస్టనును సిలిండరులోనికి పూర్తిగా నెట్టి, కనిపించు ఉక్కుకు గ్రీజు పూసి, కప్పి ఉంచవలెను. తీరప్రాంతమున ఈ ఒక్కపని మరచినచో మరుసటి వేసవిలో తుప్పు పట్టిన పిస్టను తొలి దినముననే సీలులను కోసివేయును.

చేతిని కాపాడుకొనుడు

ఇది అన్నిటికన్న ముఖ్యమైన మాట. గొట్టమున సూదిమొన యంత రంధ్రము పడినచో దాని నుండి వచ్చు నూనె కంటికి కనిపింపకపోవచ్చును. 150 బారుల ఒత్తిడి వద్ద, ఘర్షణను లెక్కింపనిచో, దాని వేగము సెకనుకు సుమారు 185 మీటర్లు. అది చర్మమును చీల్చి లోపలికి పోవును. పైకి చిన్న సూదిపోటువలె ఉండును. మొదట నొప్పియు అంతగా ఉండదు. లోపల మాత్రము కండను కుళ్లబెట్టును. గంటల వ్యవధిలో శస్త్రచికిత్స జరుగనిచో వ్రేలో, చేయో తీసివేయవలసి రావచ్చును. కావున కారుచోటును వ్రేలితో తడిమి వెదకరాదు. దూరము నుండి అట్టముక్కనో చెక్కనో అడ్డుపెట్టి చూడవలెను. ప్రమాదము జరిగినచో రేపటివరకు ఆగక ఆసుపత్రికి పోయి, 'ఒత్తిడిలోని నూనె చర్మములోనికి పోయినది' అని వైద్యునకు స్పష్టముగా చెప్పవలెను. గాయము చిన్నదిగా నున్నదని ఇంటికి తిరిగి రారాదు.

చుక్కల లెక్క

సెకనుకు ఒక చుక్క కారుచున్నదనుకొందము. ఇరువది చుక్కలు సుమారు ఒక మిల్లీలీటరు. గంటకు 3,600 చుక్కలు, అనగా 180 మిల్లీలీటర్లు. ఎనిమిది గంటలకు సుమారు లీటరున్నర. ఇరువదియైదు దినములకు 36 లీటర్లు. 'చుక్కయే గదా' అన్నచోట నెలకు రెండు డబ్బాల నూనె పోయినది.

అది పోయినదెచటికి? కాలువలోనికి. తెనాలిలో పడినది రేపల్లె శివారు పొలములకును, రొయ్యల చెరువులకును చేరును. మన గ్రామములలో అనేకము కాలువ నీటితోనే మంచినీటి చెరువులు నింపుకొనుచున్నవి. వాడిన నూనెను కాలువగట్టున పారబోయుట 2016 నాటి ప్రమాదకర వ్యర్థముల నియమములకు విరుద్ధము. డబ్బాలో పట్టి, శుద్ధిచేయుటకు అనుమతి పొందినవారికే ఈయవలెను. కారుచోటు క్రింద రేకుపళ్లెము పెట్టుటకు పెద్ద ఖర్చేమియు లేదు.

కళాశాల సమితివారికి మా విన్నపమొకటి. మన గ్రంథాలయమున ఒక బీరువాను యంత్రవిద్యకు కేటాయించి, తెలుగు, ఉర్దూలలో వ్రాసిన చిన్న వివరణ పత్రములను అందుంచవలెను. ఏడాదికొక దినము అనుభవజ్ఞుడైన మేస్త్రీని పిలిచి, ఆయన చెప్పినదానిని మన విద్యార్థులచే వ్రాయింపవలెను. విద్యార్థులారా! మీ తండ్రులకు చేతినేర్పు కలదు. మీకు చదువు కలదు. యంత్రపు పుస్తకమును మీరు చదివి వారికి వినిపింపుడు. వారి అనుభవమును విని మీరు వ్రాసికొనుడు. మన ఇండ్లలో తనిఖీ అట్లు మొదలైననాడు మరమ్మతునకు పెట్టు ధనము నిలుచును.